వాసన చూసి కొన్న కాలం

కరీంనగర్ నుంచి ధర్మారం పోయే తొవ్వ మీద చొప్పదండిలో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఇప్పుడు ఏ దుకాణం ముందు చూసినా ఏదో ఒక మాట ఎదురొస్తుంది. ప్యూర్ అనో, నేచురల్ అనో, హెర్బల్ అనో, కట్టె గానుగ అనో. ఆకుపచ్చ అక్షరాలు, పక్కన ఒక వేపరెమ్మ బొమ్మ, లేదంటే కాడి కింద తల వంచుకొని నడిచే ఎద్దు బొమ్మ. వేపరెమ్మను దాటిపోతాను గానీ ఎద్దు దగ్గర చూపు ఆగుతుంది. డబ్బా మీది ఎద్దుకు కళ్లు తెరిచి ఉన్నాయి. మేం చూసిన ఎద్దుకు కళ్లకు గంతలు ఉండేవి, పొద్దంతా ఒకే చోట తిరుగుతున్నానని దానికి తెలియకూడదని.

నూనె గానుగ ఆడే గాండ్ల వాళ్ల ఇంటికి పోతుంటే మనిషి కన్నా ముందు వాసన పలకరించేది. నలిగిన పచ్చి నువ్వులు, తడిసిన గోనెసంచి, పేడ, గోడకు ఆనించిన తెలకపిండి చెక్కలు, ఏండ్ల తరబడి నూనె తాగి నల్లబడ్డ మాను, అన్నీ కలిసిన ఆ వాసన అంగీకి పట్టుకుంటే ఉతికినా ఒక పట్టాన పోయేది కాదు. బాపమ్మ నువ్వులు చాటలో చెరిగి, మట్టిబెడ్డలు ఏరి, ఎండలో ఆరబోసి, సంచిలో పోసి నా నెత్తిన పెట్టేది. రోట్లో గింజలు పోసి, పైన ఇన్ని ఉడుకు నీళ్లు చిలకరించి, ఎద్దును అదిలించగానే రోకలి రోటి అంచును ఒరుసుకుంటూ కిర్రుమని తిరగడం మొదలుపెట్టేది. గింజ పొడయ్యేది, పొడి ముద్దయ్యేది, చాలాసేపటికి ఆ ముద్ద అంచున చెమట పట్టినట్టు నూనె కనిపించేది. బాపమ్మ అంతసేపూ అక్కడే మోకాళ్లు ముడుచుకొని కూర్చునేది. "ఇంటికి పోయి రారాదే అవ్వా" అని గానుగ ఆడే ఆయన అంటే, "నూనె అయినంకనే పోత కొడుకా" అనేది. అందులో అనుమానం లేదు, అవమానమూ లేదు. గింజ తెచ్చినవాళ్లు దగ్గరుండి చూడటం, ఆడేవాళ్లు వాళ్ల కండ్ల ముందే ఆడటం ఇద్దరూ ఎరిగిన రివాజు. కూలి కింద కొంత తెలకపిండి వాళ్లకు వదిలేసి, నూనె సర్వ మీద గుడ్డ కట్టుకొని ఇంటికి వచ్చేవాళ్లం.

అలాగని ఆ నూనె అమృతమని నేననను. అడుగున మడ్డి దిగేది, ఎండాకాలంలో కొన్నాళ్లకే కనరు వాసన కొట్టేది, కొట్టినా కూరలో పడేది. పారబోసేంత నూనె ఎవరింట్లో ఉండేది? వానకు తడిసిన పల్లికాయను మూటగట్టి అర్రలో పెడితే బూజు పట్టేది, ఆ గింజలు తినడానికి పనికిరాకున్నా నూనెకు పనికొస్తాయని గానుగకు పంపేవాళ్లు. ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుందని, అది మెల్లగా కాలేయాన్ని తింటుందని, రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేస్తే పోయే ఆ విషం గానుగలో పోదని ఆ వాడలో ఎవరికీ తెలియదు. ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకొని పుండయ్యేది, ఈగలు ముసిరేవి. గాండ్ల ఇంటి ఆడవాళ్లు కోడి కూయకముందే లేచి గింజలు చెరిగేవాళ్లు, పిల్లల్లో ఒకరు బడి మాని ఎద్దు వెనక తిరిగేవాళ్లు. ఆ వాసనను తలుచుకున్నప్పుడల్లా ఆ పుండునూ, ఆ బడి మానిన పిల్లవాణ్నీ కూడా తలుచుకోవాలి, లేకపోతే తలుచుకోవడంలో న్యాయం ఉండదు.

గానుగ ఎలా పోయిందంటే ఎవరో వచ్చి పగలగొట్టలేదు. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు పునాదిరాయి పడింది. దాని కాకతీయ కాలువ నీళ్లు మా దిక్కు రావడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. వచ్చినంక చెలకలు పొలాలయ్యాయి. జొన్న, నువ్వు, కుసుమ, ఆముదం, పెసర కలిసి పండిన నేలలో వరి నిలబడింది, పండుగనాడే బియ్యం బువ్వ తిన్న ఇండ్లలో రెండు పూటలా బియ్యం ఉడికింది. కుసుమ పూలు పోయాయని ఎవరు ఏడుస్తారు? ఎవరూ ఏడవలేదు, ఏడవనక్కరలేదు కూడా. కానీ చెలకలో గింజ లేనప్పుడు గానుగకు పని లేదు. రేషన్ దుకాణంలో పామాయిల్ ప్యాకెట్ వచ్చింది, 1994లో కేంద్రం పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచింది, ఇవాళ దేశం తినే వంటనూనెలో సగానికి పైగా సముద్రం దాటి వస్తున్నదే. గాండ్ల ఇంటి ముందరి రోటిలో కొన్నాళ్లు కోళ్లు గుడ్లు పెట్టాయి, తర్వాత ఆ మాను ఏ పొయ్యిలోకి పోయిందో నేను చూడలేదు.

మధ్యలో కొంతకాలం కిరాణం దుకాణంలో విడి నూనె అమ్మేవాళ్లు. ఇనుప పీపా, దానికి చేతిపంపు, జిడ్డు పట్టిన గరాటు, ఇంటి నుంచి మనం తీసుకుపోయిన సీస. పీపా మీద పేరు ఉండేది కాదు, ఉన్నా ఎవరూ చదివేవాళ్లు కాదు. దుకాణదారు ముఖమే పేరు. ఆ కాలం ఎలా ముగిసిందో చాలామంది మరిచిపోయారు. 1998 ఆగస్టులో ఢిల్లీలో ఆవనూనెలో ఆర్జిమోన్ అనే ముండ్ల మొక్క గింజల నూనె కలిసి జనానికి కాళ్లు వాచే జబ్బు పట్టుకుంది, 60 మంది దాకా చనిపోయారు. ఆ తర్వాత నెలలోనే కేంద్రం వంటనూనెను ప్యాకెట్లోనే అమ్మాలని ఉత్తర్వు తెచ్చింది. నేను ప్యాకెట్‌ను తిట్టబోయిన ప్రతిసారీ ఆ 60 మంది గుర్తొస్తారు. ముద్ర వేసిన డబ్బా, మీద తయారీ తేదీ, కింద అడ్రసు, ఇవన్నీ ప్రాణాలు పోయాక వచ్చిన కాపలా. ఆర్జిమోన్ కూడా నేలలో మొలిచి, ఎండకు పండిన గింజే కదా. చెట్టుకు కాసినంత మాత్రాన చెడు చేయదని ఆ ఇండ్ల వాళ్ల ముందు ఎవరు అనగలరు?

ఇక తలకు పోసుకునే రోజు. ముందురోజే కుంకుడుకాయలు కొట్టాలి. గచ్చు మీద పెట్టి రాయితో ఒక్కటి వేస్తే నల్లటి గింజ ఎగిరి ఏ గూనల సందులోకో దొర్లిపోయేది, పిల్లలం వాటిని ఏరుకొని గోళీలాడేవాళ్లం. జిగురు పట్టిన తొక్కలను ఉడుకు నీళ్లలో నానబెట్టి, ఇంత శీకాయ, చిటికెడు మెంతులు, దొరికితే మందారాకు కలిపి పిసికితే గోధుమరంగు నురుగు లేచేది. నురుగు లేచేది వాటిలోని సపోనిన్ల వల్ల అని తర్వాతెప్పుడో పుస్తకంలో చదివాను. పొయ్యి మీద గుండిలో నీళ్లు మరుగుతుండేవి, కట్టెల పొగకు కండ్లు ముందే ఎర్రబడేవి, ఇక కుంకుడు రసం కంట్లో పడిందంటే చూడాలి. "కండ్లు మూసుకో బిడ్డా, మూసుకో" అంటూనే బాపమ్మ ఇంకో దోసిలి పోసేది. ఏడుపు ఆగకపోతే నోట్లో ఒక ఉప్పుకల్లు వేసేది. మంట నిజంగా తగ్గేదో, ఉప్పు రుచిలో పడి మరిచేవాళ్లమో గానీ ఏడుపు ఆగేది. అంతా అయ్యాక సాంబ్రాణి పొగ, గంజి పెట్టిన గుడ్డ వాసన, మధ్యాహ్నం ముంచుకొచ్చే నిద్ర.

తమిళనాడులోని కడలూరులో 1983లో మొదలైన చిక్ షాంపూ వంటి చిన్న ప్యాకెట్లు ఊరి దుకాణాల్లో దండల్లా వేలాడటం మొదలుపెట్టినప్పుడు ఆడపిల్లలు ఎంత సంబరపడ్డారో నాకు తెలుసు. మోకాళ్ల దాకా జడ ఉన్న పిల్లకు కుంకుడు పిప్పి ఏరుకోవడం ఒక పూట పని. బీడీలు చుట్టే ఇంట్లో పూట అంటే ఎన్నో బీడీ కట్టలు. రూపాయితో ఆ పూట మిగిలింది. ఆ మిగిలిన పూటను నేను తక్కువ చేయను. నా పేచీ షాంపూతో కాదు, దాని మీద తర్వాత వచ్చి చేరిన కుంకుడుకాయ బొమ్మతో. డబ్బా తిప్పి వెనక చదివితే మొదట నీళ్లు, తర్వాత సోడియం లారెత్ సల్ఫేట్, ఆ తర్వాత ఇంకా ఏవేవో, ఎక్కడో చివర కుంకుడు సారం, శీకాయ సారం. మన దేశపు నిబంధన ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలనే ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని ఆఖరున ఏ వరుసలో రాసినా తప్పు లేదు. నురుగు తెచ్చేది ఆ సల్ఫేటు, మురికి తీసేది ఆ సల్ఫేటు, అది విషమూ కాదు, కడుక్కుంటే పోతుంది. పని అదే చేస్తున్నప్పుడు ముందువైపు బొమ్మ కూడా దానిదే కావాలి గానీ, చుక్కంత ఉన్న కుంకుడుకాయది ఎందుకు కావాలి?

పండ్లు తోముకోవడం గురించి చెప్పాలంటే, వేప పండ్లపుల్ల నమిలితే నోరంతా చేదెక్కి తర్వాత తాగే చాయ తియ్యగా తగిలేది, అది బాగుండేది. పుల్ల దొరకనినాడు పొయ్యిలోని బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు. వాటితో గీకి గీకి నలభై ఏండ్లకే పండ్లు అరిగిపోయిన మనుషులు ప్రతి వాడలో ఉండేవాళ్లు. నల్ల పండ్లపొడి డబ్బాలు కొన్నిటిలో పొగాకు ఉండేది. పొద్దున్నే అది వేసుకోకపోతే ఆ ముసలమ్మలకు తల తిరిగేది, కడుపు కదిలేది కాదు, దాన్ని వాళ్లు పొడి మహిమ అనుకునేవాళ్లు. 1992లో ప్రభుత్వం పండ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని నిషేధించింది. పొగాకు కన్నా సహజమైన ఆకు ఏది? నీళ్ల సంగతీ అంతే. మన తెలుగు నేల మీద ఫ్లోరోసిస్‌ను 1937లోనే ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో గుర్తించారు; నల్గొండలో ఎముకలు వంగిన పిల్లల ఫోటోలు మనమందరం చూశాం. ఏ కంపెనీ కలపని విషం అది, రాళ్ల పొరల్లోంచి ఊరిన నీళ్లలోనే ఉంది. దాన్ని తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం వాడి ఒక పద్ధతి కనిపెట్టారు, దానికి నల్గొండ పేరే పెట్టారు. భూమి ఇచ్చిన నీళ్లు కీడు చేస్తే, రసాయనం అని మనం భయపడే రెండు తెల్లపొడులు మేలు చేశాయి.

పసుపు మాత్రం మా దిక్కు పంటే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు ఉడికించే రోజుల్లో బస్సు కిటికీలోంచి కూడా ఆ మట్టి కలిసిన ఘాటు తెలిసేది. ఇంట్లో ఏడాదికి సరిపడా కొమ్ములు తెచ్చి, ఒక కొమ్మును పుటుక్కున విరిచి లోపలి రంగు చూసి, రోట్లో దంచి, జల్లెడ పట్టి, జాడీలో పోసేవాళ్లు. అదే పసుపు కూరకు, గడపకు, దెబ్బకు, పెండ్లినాడు శనగపిండితో కలిపి నలుగుకు. నిమ్మరసం, వెలిగారం పట్టించి ఎర్రబడ్డాక దంచితే కుంకుమ. ఆ కుంకుమ పోయి రంగు పొడి వచ్చాక కొందరికి నుదురు దురద పెట్టింది, బొట్టుబిళ్లల జిగురుకు ఇంకొందరి నుదుట తెల్లమచ్చ పడింది. కానీ కొమ్ములోనూ మోసం దూరగలదు. పాలిష్ పట్టేటప్పుడు మెరుపు కోసం సీసం కలిసిన పచ్చరంగు అద్దే దుర్మార్గం దేశంలో కొన్నిచోట్ల బయటపడింది, ఆ రంగు పిల్లల మెదడును తింటుంది. కొమ్ము విరిచి లోపల చూసే అలవాటు ఎందుకుండేదో ఇప్పుడు తెలుస్తుంది.

బెల్లాన్ని చూడండి. మా చిన్నప్పుడు నల్లబెల్లం అంటే పోలీసుల భయం, గుడుంబా కాచేవాళ్లకు అమ్ముతున్నారని బస్తాలు పట్టుకునేవాళ్లు. ఇంటి వాడకానికి పచ్చగా, తెల్లగా మెరిసే అచ్చులే మర్యాద. ఆ మెరుపు కోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం పోస్తారని కొనేవాళ్లు అడగలేదు. ఇప్పుడు అదే నల్లరంగు ఆర్గానిక్ అనే మాటతో గాజు సీసాలో నాలుగింతల ధరకు కూర్చుంది. రంగు మారలేదు, దాని మీద రాసిన మాట మారింది. కల్లు విషయంలో అయితే జనమే తేడా పట్టుకున్నారు, చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు అని. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడి, అది దొరకనినాడు చేతులు వణికి, పిచ్చిచూపులతో దవాఖానకు వచ్చినవాళ్లను తెలంగాణ చూసింది. లొట్టిలో పోసి తాటికమ్మ కప్పితే అన్నీ చెట్టు కల్లే అనిపిస్తాయి.

ఇట్లా ఒక్కొక్కటీ తలుచుకుంటూ పోతే, పోయింది స్వచ్ఛత అని అనాలనిపించదు. స్వచ్ఛత అప్పుడూ అరకొరే. పోయింది పరీక్ష పట్టే చేయి. బాపమ్మ నూనెను ముంజేతి మీద రుద్ది వాసన చూసేది, కందిపప్పు గింజను పంటి కింద పటుక్కుమనిపించేది, బెల్లాన్ని గోటితో గీరి నాలుక కొసన పెట్టుకునేది, తేనెలో దూదివత్తి ముంచి వెలిగించేది, పొడి అమ్మేవాణ్ని కాదని కొమ్ము అమ్మేవాడి దగ్గరికే పోయేది. అంగడిలో బేరమాడుతున్నంతసేపూ ఆ వేళ్లు ఏదో ఒకటి నలుపుతూనే ఉండేవి. ప్యాకెట్ వచ్చినంక ఆ వేళ్లకు పని లేకుండా పోయింది. లోపలి సరుకును ముట్టుకోలేము, వాసన చూడలేము, చించితే కొన్నట్టే. సరిగ్గా అప్పుడే ప్యాకెట్ ముందువైపు మాట్లాడటం మొదలుపెట్టింది. ముక్కు, నాలుక, వేళ్లు చెప్పే సంగతిని ఆకుపచ్చ అక్షరాలు చెప్తామన్నాయి, మనం సరేనన్నాం.

అయితే ఆ వేళ్లను తిరిగి తెచ్చుకుంటే సరిపోతుందా అంటే, సరిపోదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనె పరీక్ష చేయించింది. 22 నమూనాల్లో 5 మాత్రమే అన్ని పరీక్షలూ నెగ్గాయి. ఇక్కడి మామూలు ప్రయోగశాల పరీక్షలకు చిక్కకుండా ఉండేట్టే చక్కెర పాకాలు తయారవుతున్నాయని, జర్మనీకి పంపి చేయించిన పరీక్షలో కల్తీ దొరికిందని ఆ సంస్థ చెప్పింది. అటువంటి పాకం ముందు దూదివత్తి ఏం చేస్తుంది? ఉట్నూరు దిక్కు అడవుల్లో గోండులు తెచ్చిన తేనె, కుంకుడుకాయ గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతుందంటే నమ్మబుద్ధి అవుతుంది, ఎందుకంటే అక్కడ తెచ్చినవాళ్లెవరో, కొన్నదెవరో చెప్పడానికి ఒక దారి ఉంది. ఆ దారి కనిపించడమే నాకు ముఖ్యం, సీసా మీద అడవి బొమ్మ కాదు.

చట్టం ఇప్పుడిప్పుడే ఆ దారిని అడుగుతోంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఏమీ కలపని, తినడానికి వీలయ్యేంత వరకే శుద్ధి చేసిన ఒకే పదార్థాన్నే నేచురల్ అనాలి. నాలుగు పదార్థాలు కలిపి చేసినదాన్ని అట్లా అనకూడదు. ఆ మాట బ్రాండ్ పేరులోనే ఉంటే, ఇది పేరు మాత్రమే, సరుకు గుణం కాదని కనీసం 3 మిల్లీమీటర్ల అక్షరాలతో రాయాలి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇంకో అడుగు వేసి, పర్యావరణానికి మేలు అని చెప్పుకునే ప్రకటనల్లో నేచురల్, ఆర్గానిక్, ప్యూర్ వంటి మాటలు వాడేవాళ్లు ఆధారం చూపాలని మార్గదర్శకాలిచ్చింది. చూపించాల్సిన బరువు అమ్మేవాడి మీద పడటం మంచి సంగతి. గాండ్ల ఇంటి ముందు ఆ బరువు ఎప్పుడూ వాళ్ల మీదే ఉండేది, ఏ చట్టం రాయకుండానే.

ఊళ్లలో మళ్లీ గానుగలు వచ్చాయి. కట్టె రోలే, రోకలే, తిప్పేది మాత్రం మోటారు; ఎద్దు మెడకు పుండు లేదు, పిల్లవాడు బడికి పోతున్నాడు, అది నాకు సంతోషమే. కొన్నిచోట్ల మన పల్లీలు మనం తీసుకుపోతే కండ్ల ముందే ఆడిస్తారు, అక్కడ నూనెకు ఏ మాటా అక్కరలేదు. కొన్నిచోట్ల నిండిన డబ్బాలే ఉంటాయి, గింజ ఎక్కడిదంటే జవాబు రాదు. గాండ్ల కుటుంబాలు ఆటోలు నడుపుతూ, బొంబాయి, దుబాయి పోతూ బతుకుతుంటే, వాళ్ల తాతల పనిపేరు ఎవరెవరి డబ్బాల మీదనో ధర పెంచుతోంది; ఆ ధరలో వాళ్లకు చేరేది ఏమీ లేదు. ఇది నన్ను నేచురల్ అన్న మాట కన్నా ఎక్కువ బాధపెడుతుంది.

అందుకని నేను ముందువైపు చదవడం మానేశాను, వెనకవైపు చదువుతాను, దుకాణంలో నిలబడి అడుగుతాను. ఈ గింజ ఏ ఊరిది, ఎప్పుడు ఆడించారు, ఇందులో ఏం కలిపారు. బాపమ్మకు అక్షరం ముక్క రాదు గానీ ఈ మూడు ప్రశ్నలు వచ్చు, జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చోవడమూ వచ్చు. మనకు చదువు వచ్చింది కాబట్టి డబ్బా తిప్పి సన్న అక్షరాలు చదివే పని అదనంగా మన మీద పడింది. అడిగేవాళ్లు నలుగురైతే ఊరి కిరాణం దుకాణమైనా, హైదరాబాద్ కంపెనీ అయినా జవాబు చెప్పడం నేర్చుకోక తప్పదు.